సైలెన్సర్ నుంచి నీలం పొగ: ఇంజన్ దించాల్సిందేనా?

రేవు_గుమస్తా
కారు 2014 మోడల్ డీజిల్, 1.3 ఇంజన్, 1,46,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పొగ వస్తోంది. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఏమీ ఉండదు. పికప్ మాత్రం కొంచెం తగ్గినట్టుంది. మొన్న ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళు దాటించే పడవ) కోసం ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు ఇంజన్ ఆపకుండా కూర్చున్నాం. పంటు వచ్చింది. గేరు వేసి కదిలించానో లేదో వెనకంతా పొగ. వెనక బండి మీద కూర్చున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. పంటు మీద కుర్రాడు "దోమల మందు కొడతన్నారా అండీ" అన్నాడు.

మా ఊరి మెకానిక్‌కి చూపిస్తే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి, వాసన చూసి, "ఇంజన్ బోరుకొచ్చేసింది, దించాలి, డెబ్భై వేలు పెట్టుకోండి" అన్నాడు. బోరంటే లోపల సిలిండర్ గోడలు అరిగిపోయాయని. బోనెట్ కూడా ఎత్తలేదు. ఈ కారు ఇప్పుడు అమ్మితే వచ్చే డబ్బులో మూడో వంతు అది. నిజంగా దించాల్సిందేనా? ఎవరికైనా ఇలా అయిందా?

కొబ్బరి_పీచు
పంచాయతీ వాళ్ళు దోమల మందు బండి అద్దెకు తీసుకుంటారేమో కనుక్కోండి. రెండు వానాకాలాల్లో డెబ్భై వేలు వచ్చేస్తాయి.

పూతరేకు
నీలమేనా? సరిగ్గా చూశారా? తెలుపైతే కథ వేరు.

రేవు_గుమస్తా
పైన నీలం అని పెట్టాను గానీ మా ఆవిడ తెలుపంటోంది. ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనిపిస్తోంది. ఇంట్లో ఇదే గొడవ.

డీజిల్_బాబాయ్
ఇద్దరూ కరెక్టే. పల్చటి ఆయిల్ పొగ వెనకాల కొబ్బరి తోటలాంటిది నల్లగా ఉంటే నీలంగా కనిపిస్తుంది. అదే పొగని ఆకాశం వైపు చూస్తే బూడిద రంగు, ఒక్కోసారి తెలుపు. తాడేపల్లిగూడెంలో 28 ఏళ్ళు డీజిల్ పంపులు బాగుచేసే షాపు నడిపాను, రంగు చూసి మొత్తం చెప్పేసేవాణ్ణి ఒక్కణ్ణీ నమ్మలేదు. నాతో సహా.

రంగుతో పాటు ఇంకో మూడు చెప్పాలి. ఎప్పుడొస్తోంది, ఏం వాసనొస్తోంది, బండిలో ఏది తగ్గుతోంది. ఇంజన్ ఆయిల్ కాలితే మూకుడులో మాడిన నూనెలాంటి ఘాటు. పచ్చి డీజిల్ కాలకుండా బయటికి వస్తే తెల్లగా ఉంటుంది, వెనక నిలబడితే కళ్ళు మండుతాయి. కూలెంట్ లోపలికి పోతే తెల్లటి దట్టమైన పొగ, కాస్త తీపి వాసన. నలుపైతే డీజిల్ ఎక్కువ పడుతున్నట్టు, లేదా దానికి సరిపడా గాలి అందనట్టు.

మీరు ఒక పని చెయ్యండి. పొద్దున్నే బండి స్టార్ట్ చెయ్యకముందు, చదునైన చోట, ఆయిల్ గేజ్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడండి. కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత గీయండి. ఆ రెండూ చూశాక మాట్లాడుకుందాం. డెబ్భై వేలు ఎక్కడికీ పారిపోవు.

యానాం_ట్యాంక్
డీజిల్ ఎక్కడ కొట్టిస్తున్నారు? కల్తీ డీజిల్ అయ్యుంటుంది. నేను యానాంలోనే కొట్టిస్తా, పదకొండేళ్ళుగా చుక్క పొగ లేదు.

కొబ్బరి_పీచు
యానాంలో పన్ను తక్కువ కాబట్టి రేటు తక్కువ. దానికీ పొగకీ ఏంటండీ సంబంధం? పర్సులోంచి పొగ రాదంటే ఒప్పుకుంటా.

వసిష్ఠ_77
తెల్ల పొగ అంటే నా కథ చెప్పాలి. మా అంతర్వేది వైపు బోరు నీళ్ళు ఉప్పు. రేడియేటర్ కాస్త కారేది, బాగు చేయించకుండా రోజూ మా ఇంటి బోరు నీళ్ళే పోసేవాణ్ణి. రెండేళ్ళు పోశాను. ఒకరోజు పొద్దున స్టార్ట్ చేస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు పొగ. పది నిమిషాలైనా తగ్గలేదు. బాబాయ్ చెప్పిన తీపి వాసన రాలేదు, ఎందుకంటే లోపల ఉన్నది కూలెంట్ కాదుగా, ఉప్పు నీళ్ళే.

మెకానిక్ నాకు ఒకటి చూపించాడు, ఇప్పటికీ గుర్తు. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంది. స్టార్ట్ చేసిన నిమిషానికే రేడియేటర్ పై పైపు నొక్కమన్నాడు. రాయిలా ఉంది. ఇంకా వేడెక్కని ఇంజన్‌లో అంత ప్రెషర్ ఎక్కడిది? సిలిండర్‌లోంచి గ్యాసు నీళ్ళలోకి వస్తోందన్నమాట. డబ్బాలో బుడగలు కూడా సోడా కొట్టినట్టు వస్తున్నాయి. హెడ్ (సిలిండర్ల మీది మూత) తీస్తే అల్యూమినియం మీద పుచ్చుపన్నులా గుంటలు, వాటి పక్కన గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) కాలిపోయి ఉంది. లేత్ షాపు వాడు ఫేసింగ్ కొట్టినా మిగలదు అన్నాడు. వేరే హెడ్ కొనాల్సి వచ్చింది. అప్పటినుంచి క్యాన్ నీళ్ళు మనుషులకి, కూలెంట్ కారుకి.

పూతరేకు
ఒక అనుమానం. డిసెంబర్‌లో పొద్దున మంచు పడేటప్పుడు నా పెట్రోల్ కారుకి కూడా తెల్ల పొగ వస్తుంది, సైలెన్సర్‌లోంచి నీళ్ళ చుక్కలు పడతాయి. గ్యాస్కెట్టేనా?

వసిష్ఠ_77
కాదండీ, అది ఆవిరి. పెట్రోల్ కాలితే నీరు కూడా పుడుతుంది, చల్లటి సైలెన్సర్‌లో అది ఆవిరిగా, చుక్కలుగా కనిపిస్తుంది. సైలెన్సర్ వేడెక్కగానే పోతుంది. కూలెంట్ గీత దిగకపోతే హాయిగా నిద్రపోండి.

లంక_వాసి
2022 జూలై వరదకి మా ఇంటి ముందు నడుం లోతు నీళ్ళు. కారు గట్టు మీద పెట్టాం కదా అనుకున్నాం, సైలెన్సర్ మునిగింది. నీళ్ళు తీశాక అరగంట తెల్ల పొగ, లోపల నిలిచిన నీళ్ళు అంతే. కానీ మెకానిక్ తను వచ్చేదాకా నన్ను తాళం తిప్పనివ్వలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, పొడిగా ఉందని చూశాకే స్టార్ట్ చేశాడు. ఫిల్టర్ తడిసి ఉంటే నీళ్ళు సిలిండర్ దాకా పోయి ఉండొచ్చట. నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుందట. మా పక్కింటాయన ఆగలేకపోయాడు, తిప్పాడు. టక్ మని ఒక్క చప్పుడు, అంతే.

రేవు_గుమస్తా
బాబాయ్ గారు చెప్పినట్టు చూశాను. కూలెంట్ గీత మీదే ఉంది. ఆయిల్ మాత్రం గేజ్ మీద కింది గీతకి దిగింది. సర్వీసు చేయించి ఆరు వేల కిలోమీటర్లు. మళ్ళీ పై గీతకి తేవడానికి దాదాపు లీటరు పట్టింది. వాసన మాడిన నూనే. మొత్తానికి ఆయిల్ తాగుతోంది. ఇంక బోరే కదా?

యానాం_ట్యాంక్
బోరే. 20డబ్ల్యూ-50 చిక్కటి ఆయిల్ పోసి, పొగ తగ్గించే డబ్బా ఒకటి దొరుకుతుంది, అదీ పోయండి. వెయ్యి రూపాయల్లో అయిపోతుంది.

చెరువు_గట్టు
అది అమ్మే ముందు అందరూ చేసేదే. నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు నాకూ అదే చేశారు. ఆరు వారాలు గంగిగోవులా ఉంది. ఆయిల్ మార్చగానే మళ్ళీ మొదలు. పాత కారు చూడ్డానికి వెళ్తే మీరొచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉందంటే "రేపు పొద్దున్నే వస్తాను, నేనే స్టార్ట్ చేస్తాను" అనండి. మొహాలు మారిపోతాయి.

డీజిల్_బాబాయ్
యానాం గారూ, చిక్కటి ఆయిల్ అరిగిన ఇంజన్‌కి ఊతకర్ర, మందు కాదు. ఈ చిన్న డీజిల్ ఇంజన్‌లో టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రం) ఉంది, టైమింగ్ చెయిన్‌ని బిగించేది కూడా ఆయిల్ ప్రెషరే. వాటికి మాన్యువల్‌లో రాసిన గ్రేడే పొయ్యాలి.

గుమస్తా గారూ, ఆరు వేలకి లీటరు అంటే భయపడాల్సిన లెక్క కాదు. కొన్ని కంపెనీల మాన్యువళ్ళలో వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు దాకా మామూలే అని రాసుంటుంది. ఆయిల్ తాగడం వేరు, బోరు పోవడం వేరు. బోరు, పిస్టన్ రింగులు పోతే బరువు మీద, ఎక్కువ రేజింగ్‌లో పొగ ఎక్కువ రావాలి. మీకు రోడ్డు మీద లేదంటున్నారు. చాలాసేపు ఖాళీగా ఆడించి, తర్వాత తొక్కితేనే వస్తోంది. అది వేరే వాళ్ళ పని.

ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తియ్యకుండా అలా పైనే పెట్టి చూడండి. బ్యాక్ కంప్రెషన్ ఉంటే, అంటే సిలిండర్‌లోని గ్యాసు రింగులు దాటి కిందికి వస్తుంటే, ఎగిరి పడుతుంది.

పెట్రోల్_టీచర్
మధ్యలో దూరుతున్నాను. నాది 2011 పెట్రోల్. రాత్రంతా ఉంచి పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒక్క బుస్సు మని నీలం పొగ. రెండు మూడు సెకన్లు. తర్వాత రోజంతా ఉండదు. రింగులన్నాడు మా మెకానిక్. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ప్రెషర్ కొలవడం) చేశాడా అంటే "చెవితో తెలిసిపోద్ది మేడం" అన్నాడు.

డీజిల్_బాబాయ్
మీవి వాల్వ్ సీల్స్ అయ్యుంటాయమ్మా. వాల్వు కాడ చుట్టూ చిన్న రబ్బరు టోపీలాంటిది ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి బీటలిస్తుంది. రాత్రంతా పైన ఉన్న ఆయిల్ చుక్క చుక్కగా సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున్నే అది కాలుతుంది. ఇంకో పరీక్ష ఉంది. గేరులోనే ఉంచి, కాలు తీసేసి, ఘాట్ రోడ్డు దిగి, కింద ఒక్కసారి తొక్కాలి. దిగేటప్పుడు సిలిండర్‌లో వాక్యూమ్ పెరిగి సీల్స్ మీదుగా ఆయిల్ లాగేస్తుంది. తొక్కగానే నీలం పొగ.

కొబ్బరి_పీచు
ఘాట్ రోడ్డా? బాబాయ్, కోనసీమలో ఎత్తు అంటే కాలవ గట్టే.

తణుకు_టర్బో
బ్రిడ్జిలున్నాయిగా. ఎదుర్లంక నుంచి యానాం వారధి ఎక్కి, దిగేటప్పుడు మూడో గేరులో కాలు తీసెయ్యండి. కింద తొక్కి అద్దంలో చూడండి. చించినాడ బ్రిడ్జి కూడా పనికొస్తుంది. మన మౌంట్ ఎవరెస్టులు అవే.

పూతరేకు
టీచర్ గారు కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే ఒకటి అడగండి. రీడింగ్ తక్కువొచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. అప్పుడు పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. మా తమ్ముడి కారుకి అలాగే తేల్చారు.

డీజిల్_బాబాయ్
ఆయ్. కానీ అది పెట్రోల్‌కే. డీజిల్‌లో పైన ఖాళీ చాలా తక్కువ, ఆయిల్ పోస్తే రీడింగ్ ఎలాగూ పెరిగి మోసం చేస్తుంది. పెట్రోల్‌లో పది, పన్నెండు బార్ చూసే చోట డీజిల్‌లో పాతిక పైన ఉంటుంది, ఆ మీటరే వేరు. చూసి అడగండి.

రేవు_గుమస్తా
మూత పరీక్ష చేశాను. ఎగిరిపోలేదు. అలాగని ఊరుకోనూ లేదు, కుండ మీద మూతలా టకటక ఆడుతోంది. దీన్నేమంటారు?

యానాం_ట్యాంక్
బ్యాక్ కంప్రెషన్. నేను ముందే చెప్పా.

తణుకు_టర్బో
తొందరపడకండి. డీజిల్‌కి కాస్త ఆడటం మామూలే. ఆ గ్యాసు బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఒకటుంటుంది, అది మడ్డి పట్టి మూసుకుపోతే మంచి ఇంజన్‌లో కూడా మూత ఆడుతుంది.

నాకు టర్బో మీద అనుమానం. నాదీ ఇలాగే. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది, అది ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి. మనం ఖాళీగా ఆడించినప్పుడు లోపల గాలి ప్రెషర్ ఉండదు, ఆయిల్ మాత్రం వస్తూనే ఉంటుంది. దాంతో సీలు దాటి పైపుల్లోకి జారుతుంది. తర్వాత తొక్కగానే ఆ పోగైన ఆయిలంతా ఒకేసారి ఇంజన్‌లోకి. మీ రేవు కథ అచ్చం ఇదే. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) కింది పైపు క్లాంప్ విప్పి చూడండి. లోపల తడి ఉంటే పర్వాలేదు, బ్రీదర్ నుంచి ఆ మాత్రం వస్తుంది. కారితే మాత్రం ఫొటో పెట్టండి.

చెరువు_గట్టు
క్లాంప్ అంటే గుర్తొచ్చింది. ఉండి నుంచి భీమవరం వచ్చేటప్పుడు మేత బస్తాలు వేస్తే నల్ల పొగ, పికప్ లేదు. నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోయాయి, నలభై వేలన్నారు. అసలు సంగతి టర్బో పైపు క్లాంప్ కింద వేలెడు చిరుగు. తొక్కినప్పుడు ఉస్స్ మని పాము బుస కొట్టినట్టు చప్పుడు, అద్దాలు దించి గోడ పక్కన నడిపితే వినపడింది. టర్బో నొక్కిన గాలి సందులోంచి పోతుంటే, డీజిల్ మాత్రం పూర్తిగా పడితే నలుపు రాక ఏమొస్తుంది? పైపు 1,800. నాజిల్స్ ఇప్పటికీ అవే.

బీఎస్6_బాధితుడు
మీరంతా ఆయిల్ తగ్గుతోందని ఏడుస్తున్నారు. నాది 2021 డీజిల్, ఆయిల్ పెరుగుతోంది! గేజ్ మీద పై గీత దాటిపోయింది. పొగ లేదు గానీ డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ (పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్) లైటు. అమలాపురంలో ఇల్లు, షాపు, మళ్ళీ ఇల్లు, అంతే తిరుగుడు. ఒకతను డీపీఎఫ్ కోసేసి ఖాళీ పైపు పెడతానన్నాడు.

డీజిల్_బాబాయ్
కోయించకండి. చట్టవిరుద్ధం, పొల్యూషన్ చెక్‌లో దొరికిపోవచ్చు, పైగా ఇంజన్ కంప్యూటర్‌ని కూడా గెలకాలి. మీ బండి మసిని డీపీఎఫ్‌లో పోగుచేసి, అప్పుడప్పుడు ఎక్కువ డీజిల్ పంపి కాల్చుకుంటుంది. మీరు మధ్యలోనే ఇంటికొచ్చి ఆపేస్తారు. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లో కలుస్తుంది, అందుకే పెరుగుతోంది. పల్చబడ్డ ఆయిల్ బేరింగులని తినేస్తుంది, ముందు మార్చించండి, డీపీఎఫ్ బళ్ళకి వేరే ఆయిల్ ఉంటుంది, అదే పొయ్యమనండి. తర్వాత లైటు వెలిగినప్పుడల్లా రావులపాలెం వెళ్ళి హైవే ఎక్కి ఆగకుండా అరగంట నడపండి.

కొబ్బరి_పీచు
మా ఆవిడకి ఇది చూపిస్తా. "డీపీఎఫ్ కోసం" ఆదివారం తణుకు బిర్యానీ.

రేవు_గుమస్తా
పైపు విప్పాను. మా బావమరిది కింద పళ్ళెం పట్టాడు, మంచిదైంది. నల్లటి ఆయిల్, టీ గ్లాసుడు పైనే కారింది. ఫొటో పెట్టాను, వెనక కనిపించేవి మా ఆవిడ ఊరగాయ జాడీలు, పట్టించుకోకండి. తణుకు గారూ, టర్బోనే కదా? కొత్తది ఎంతవుతుంది?

తణుకు_టర్బో
రీకండిషన్ అయితే పదిహేను, ఇరవై వేల మధ్య అడుగుతారు. నేను కొత్తది వేయించా, ఇంకా ఎక్కువైంది.

చెరువు_గట్టు
ఈలోపు ఆ బండిని గట్టిగా తొక్కకండి, చేతులెత్తి చెప్తున్నా. మా చెరువు మీద ఏరేటర్ల జనరేటర్‌కి టర్బో సీలు పోయింది. ఒక రాత్రి దానంతట అదే రేజ్ అవడం మొదలెట్టింది. డీజిల్ వాల్వ్ కట్టేశాం, ఆగలేదు. అది తాగుతున్నది డీజిల్ కాదు, దాని ఆయిల్‌నే. శబ్దానికి చుట్టుపక్కల చెరువుల వాళ్ళు లేచి వచ్చారు. మా పనోడు ఎయిర్ ఫిల్టర్ పీకి ఆ నోటికి చెక్క పలక అడ్డం పెట్టాడు, దగ్గుతూ దగ్గుతూ ఆగింది. చెయ్యి పెడితే లాగేసేది. కారులో అలా అయితే తాళం తీసినా ఆగదు. బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలెయ్యాలి. అలా బలవంతంగా ఆపాలి.

రేవు_గుమస్తా
ఇది చదివాక బండి తీయడం మానేసి బస్సులో వెళ్తున్నా.

డీజిల్_బాబాయ్
భయపెట్టారు గానీ నిజమే చెప్పారు. పైపుల్లో ఆయిల్ వంచేశారు కాబట్టి ప్రస్తుతానికి పర్వాలేదు, నెమ్మదిగా నడపండి.

ఇక టర్బో కొనే ముందు ఒక్క మాట. టర్బో సీలు కారడానికి టర్బోనే కారణం కానక్కర్లేదు. టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగే పైపు మూసుకున్నా, బ్రీదర్ మూసుకుని ఇంజన్‌లో ప్రెషర్ పెరిగినా ఆయిల్‌కి దిగే దారి ఉండదు, సీలు పక్కనుంచి వస్తుంది. గాలి వచ్చే వైపు మూసుకుపోయినా టర్బో స్ట్రాలా పీలుస్తుంది, అప్పుడు గాలికి బదులు ఆయిల్ వస్తుంది. ఇవి చూడకుండా కొత్త టర్బో వేస్తే అదీ కారుతుంది. మా షాపుకి అలాంటి ఏడుపులు చాలా వచ్చేవి.

గాలి పైపు తీసి టర్బో చక్రాన్ని వేళ్ళతో పట్టుకుని ఆడించండి. ఇంజన్ చల్లారాకే సుమా. అటూ ఇటూ వెంట్రుకంత ఆడొచ్చు. ముందుకీ వెనక్కీ ఆడకూడదు. రెక్కలు గోడకి రాసుకున్న గీతలు ఉండకూడదు. ఇంతకీ ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? బండి రోజూ ఎక్కడ పెడతారు?

రేవు_గుమస్తా
ఫిల్టర్ మొన్న సర్వీసులో మార్చినట్టు బిల్లులో ఉంది. బండి పగలంతా మా రైస్ మిల్లు ఆవరణలో, తవుడు గొట్టం పక్కనే నీడ ఉంటుంది, అక్కడ.

డీజిల్_బాబాయ్
తవుడు గొట్టం పక్కనా! ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదయ్యా? ఇప్పుడే వెళ్ళి ఫిల్టర్ తీసి చూడండి.

పూతరేకు
ఒక్క సందేహం. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తక్కువై నల్ల పొగ కదా రావాలి? బాబాయే పైన అన్నారు.

తణుకు_టర్బో
కంప్యూటర్ లేని పాత పంపు ఇంజన్లయితే నలుపే. వీటిలో ఎంత గాలి వస్తోందో కొలిచే సెన్సర్ ఉంది. గాలి తగ్గితే కంప్యూటర్ డీజిల్ కూడా తగ్గించేస్తుంది. అందుకే నలుపు రాదు, పికప్ పోతుంది. గుమస్తా గారు మొదటి పోస్టులోనే పికప్ తగ్గిందన్నారు, ఎవరం పట్టించుకోలేదు. నేను కూడా.

రేవు_గుమస్తా
ఫిల్టర్ తీశాను. మాటల్లేవు. మడతలుండాల్సిన చోట మడతలే కనపడలేదు. తవుడు నూనె దిగి, దుమ్ము పట్టి, అట్టు వేసినట్టు అతుక్కుపోయింది. గచ్చు మీద కొడితే పిడికెడు పొట్టు రాలింది. మిల్లులో పిచ్చుకలు వచ్చి ఏరుకుంటున్నాయి, ఒట్టు. ఫిల్టర్ మీద అచ్చయి ఉన్న తేదీ చూస్తే మూడేళ్ళ నాటిది. బిల్లు ఇక్కడే ఉంది, ఫిల్టర్ మార్చినట్టు డబ్బులు తీసుకున్నారు.

బ్రీదర్ పైపు కూడా పీకాను. సగం పైన నల్లటి మడ్డి, పుల్ల పెట్టి తియ్యాల్సి వచ్చింది. టర్బో చక్రం అటూ ఇటూ కొద్దిగా ఆడుతోంది, ముందుకీ వెనక్కీ లేదు. గీతలు లేవు.

కొబ్బరి_పీచు
ఆ ఫిల్టర్ పారేయకండి, గేదెకి పెట్టండి.

డీజిల్_బాబాయ్
మార్చిన పాత సామాను చూపించమని ఎప్పుడూ అడగాలి. అడగడానికి మనకి మొహమాటం.

కొత్త ఫిల్టర్ వెయ్యండి, బ్రీదర్ కడిగించండి, ఇంటర్‌కూలర్ విప్పించి లోపలి ఆయిల్ పూర్తిగా వంచండి. పొగ ఆ రోజే ఆగదు. సైలెన్సర్‌లో పేరుకున్న ఆయిల్ కాలడానికి వారం పైన పడుతుంది, కంగారుపడి మళ్ళీ పోస్టు పెట్టకండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక పైపు మళ్ళీ విప్పి చూడండి. అప్పుడూ గ్లాసుడు కారితే టర్బోకే డబ్బు పెట్టాలి.

యానాం_ట్యాంక్
రేపు టర్బో పోతే నన్ననకండి. నేను ఇప్పటికీ బోరే అంటా.

బీఎస్6_బాధితుడు
ఆయిల్ మార్చించాను, రావులపాలెం నుంచి తణుకు దాకా వెళ్ళి వచ్చాను. లైటు పోయింది. బిర్యానీ తినలేదు, పూర్తి అయ్యేదాకా ఇంజన్ ఆపొద్దన్నారుగా.

రేవు_గుమస్తా
మూడు వారాలైంది. 1,120 కిలోమీటర్లు తిరిగింది. ఫిల్టర్, బ్రీదర్ పైపు, ఇంటర్‌కూలర్ విప్పి కడిగిన కూలీ అన్నీ కలిపి 2,900. మొదటి వారం పొగ అలాగే ఉంది, మా ఆవిడ రోజూ "ఏమైంది మీ బాబాయ్ వైద్యం" అని అడిగేది. తర్వాత తగ్గుతూ వచ్చింది. నిన్న కావాలనే రేవులో ఇరవై నిమిషాలు ఆడించాను. కదిలినప్పుడు అగరొత్తి పాటి పొగ, ఒక్క క్షణం. పైపు విప్పితే లోపల తడి ఉంది, కారలేదు. గేజ్ మీద ఆయిల్ వేలి గోరంత దిగింది. పొల్యూషన్ చెక్ కూడా చేయించాను, ఉండాల్సిన హద్దులో సగం కూడా రాలేదు. టర్బో పూర్తిగా బాగుందని చెప్పలేను, నడుస్తోంది. బండి ఇప్పుడు మిల్లు గేటు బయట చింతచెట్టు కింద పెడుతున్నా. కాకుల సంగతి వేరే పోస్టు పెడతా.

పెట్రోల్_టీచర్
నేనూ చెప్పాలి. ఆదివారం యానాం వారధి దిగాను, మూడో గేరులో, కాలు తీసేసి. వెనక మా ఆయన స్కూటర్ మీద వీడియో తీస్తూ వచ్చారు. కింద తొక్కగానే ఆయన వీడియోలో రోడ్డు కనపడలేదు, నీలం పొగ. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ పదకొండు దగ్గరే ఉంది. సీల్స్ అనే అనుకుంటున్నా. హెడ్ దించాలి, పద్దెనిమిది వేలంటున్నారు.

డీజిల్_బాబాయ్
రింగులు బాగున్నాయమ్మా, సీల్సే. హెడ్ దించక్కర్లేకుండా కూడా మారుస్తారు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కిస్తే వాల్వులు కిందకి జారకుండా నిలబడతాయి, పైనుంచి స్ప్రింగు తీసి సీలు మార్చొచ్చు. ఓపికున్న పని, అందుకే చాలామంది చెయ్యం అంటారు. కాకినాడలో, రాజమండ్రిలో నలుగుర్ని అడగండి. దించకుండా చేస్తావా అని ముందే అడగండి. రేటు ఆ తర్వాత.